స్తంభం ఎక్కే ముందు

1979లో నన్ను నర్సీపట్నం సెక్షన్‌కు లైన్‌మేన్‌గా వేశారు. కోటవురట్ల వైపు పల్లెల్లో కరెంటు తీగల బాధ్యత నాది. అప్పలనాయుడని ఒక హెల్పర్ నాతో ఉండేవాడు. స్తంభం ఎక్కడంలో వాడిని మించినవాడు లేడు. ఆగడం మాత్రం వాడికి చేతకాదు.

నాకొక అలవాటుండేది. ఎక్కే ముందు స్తంభం మొదట్లో నిలబడి, ఊపిరి పూర్తిగా వదిలి, రబ్బరు గ్లవ్స్ ఒక్కొక్కటిగా తొడుక్కునేవాణ్ణి. తర్వాత స్తంభాన్ని పైదాకా, తీగను రెండు పక్కలా చూసేవాణ్ణి. ఆ కాసేపు ఇంటి గొడవలు, ఆఫీసర్ల చీవాట్లు ఏవీ బుర్రలోకి రావు. నాతో పనిచేసేవాడూ అలా చేయాల్సిందే. జనం వెక్కిరించేవారు. వెక్కిరించనీ, ఎక్కేది వాళ్లు కాదుగా.

ఒకసారి నారుమళ్ల రోజుల్లో గాలికి తీగ తెగి, ఒక ఊళ్లో మోటార్లు ఆగిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ దించి, ఫ్యూజులు పీకి నా సంచిలో వేసుకున్నాను. ఇక ఆ తీగల్లోకి కరెంటు రాకూడదు. రైతులు మమ్మల్ని చుట్టుముట్టారు.

"ఏటండీ, స్తంబానికి మొక్కుతున్నారా? బేగి ఎక్కండి బాబూ, నారు ఎండిపోతంది," అన్నాడొక పెద్దాయన.

అప్పలనాయుడు అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టేశాడు. ఫ్యూజులు మీ సంచిలోనే ఉన్నాయి కదండీ, ఇంకేటి సూత్తారని విసుక్కున్నాడు. భుజం పట్టి వెనక్కి లాగి, తీగ వెంట చూపు పోనిచ్చాను. ఆ తీగ మీదే ఒక టీ కొట్టుకు కనెక్షన్ ఉంది. కొట్టు లోపల చీకట్లో బల్బు ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది. దాని కిందే కూర్చుని టీ తాగుతున్నవాళ్లెవరూ పట్టించుకోలేదు. ఫ్యూజులు నా సంచిలో ఉండగా అది వెలగకూడదు.

ఆరా తీస్తే, ఊరి చివర బియ్యం మిల్లులో జనరేటర్ వేశారు. మెయిన్ స్విచ్ ఆపకుండానే వేశారు. దాని కరెంటు వెనక్కి మా తీగల్లోకి ఎక్కింది. ముట్టుకున్నవాడు బతకడు. మిల్లు యజమానిని నేను దులిపేసిన తీరు ఆ ఊరు చాలాకాలం చెప్పుకుంది. జనరేటర్ ఆపించి, మళ్లీ స్తంభం మొదట్లో నిలబడి అంతా చూశాను. ఈసారి అప్పలనాయుడూ చూశాడు, నాకంటే ఎక్కువసేపే.

మనసు నిలకడగా ఉండాలంటే ఏం చేయాలని ఇప్పటి కుర్రాళ్లు అడుగుతుంటారు. నాకు తెలిసిందొకటే: చేయి వేసే ముందు ఆగి, ఎదురుగా ఉన్నదాన్ని చూడాలి. ఫ్యూజులు సంచిలో ఉన్నాయని నాకు తెలుసు. ఆ తెలిసినదాన్నే నమ్ముకుని ఉంటే, ఆ సాయంత్రం అప్పలనాయుడి ఇంటికి కబురు నేనే మోసుకెళ్లాల్సి వచ్చేది.