పొగ వాసన మనిషి

మా మరిది లియొనార్డ్ హుడాక్ మా ఇంటికి వస్తే ముందు నా ముఖం చూడడు, పైకప్పు చూస్తాడు. అక్కడున్న, పొగొస్తే కూసే స్మోక్ అలారం మీట నొక్కి, అది చెవులు చిల్లులు పడేలా అరిచాక గానీ "బాగున్నావా వదినా" అనడు. "నేను చచ్చి పడున్నా ముందు దాన్నే పలకరించేలా ఉన్నావయ్యా" అని తిడతాను. తిట్టినా మానడు.

మా బ్రాడీ గ్యాప్ ఊళ్లో మంటలార్పడానికి జీతగాళ్లు ఎన్నడూ లేరు. ఫైర్ హౌస్ మీద సైరన్ కూసిందంటే మంగలి కత్తెర వదిలి, కసాయి కత్తి వదిలి పరుగెత్తాల్సిందే. బొగ్గు గని మూతపడినా ఆ పరుగు మాత్రం ఆగలేదు. ఫైరింజనుకు డీజిలు ఎక్కడిదంటారా? ఈస్టరు ముందు మాంసం ముట్టని తపస్సుకాలపు శుక్రవారాల్లో మా ఆడవాళ్లం వేయించి అమ్మే చేపలది, బంగాళాదుంప కూరి చేసే పిరోగీలది. నా చేతులకు ఉల్లిపాయ వాసన ఇప్పటికీ పోలేదు.

లియొనార్డ్‌కు స్కూలు బస్సు నడపడం బతుకుతెరువు, సైరన్ వెంట పరుగెత్తడం బతుకు. పెళ్లినాడూ అంతే. నా చెల్లెలు వెర్నా వేలికి ఉంగరం తొడిగి చర్చి మెట్లు దిగుతుంటే సైరన్ కూసింది. పెళ్లికూతుర్ని మెట్ల మీదే వదిలి పోయాడు మహానుభావుడు. విందు సగమయ్యాక మసి పూసుకుని వచ్చాడు. పెళ్లి ఫోటోలో అతని కాలరు నల్లగా ఉంటుంది. "నేను మనిషిని కాదక్కా, పొగగొట్టాన్ని కట్టుకున్నాను" అని వెర్నా పడీ పడీ నవ్వింది.

ఆ తరువాత ప్రతి మంటకూ అదే తంతు. అతను వీధి తలుపు తీయగానే పొగ వాసన ముందు మేడెక్కేది. వెర్నా పై నుంచే కేకేసేది. "ఆ కోటు వరండాలో పెట్టు! ఆ కంపు నా ఇంట్లోకి తేకు!"

"చిత్తం మహారాణీ!" అని కింద నుంచి జవాబు వచ్చేది. ఆ కేకా, ఆ జవాబూ మా వీధి వీధంతటికీ కంఠోపాఠం.

ఏటా రెండుసార్లు, ఊరంతా గడియారాలు గంట ముందుకో వెనక్కో తిప్పుకునే రోజుల్లో, అతను అలారాల పెట్టె పట్టుకుని ఉచితంగా బిగిస్తూ ఇల్లిల్లూ తిరిగేవాడు. ఒక ఏడు మార్చిలో పెట్టె ఖాళీ అయ్యాక, వాగు పక్క ట్రెయిలర్ ఇంట్లో కొత్తగా దిగినవాళ్లకు పసిబిడ్డ ఉందని తెలిసింది. తిన్నగా ఇంటికొచ్చి, తన మేడమెట్ల పైనున్న అలారమే వాళ్ల కోసం ఊడదీశాడు. కుర్చీ పట్టుకుంది వెర్నాయే.

"శనివారం పట్నం వెళ్లి మనకి కొత్తది తెస్తాలే" అన్నాడు.

"తొందరేం లేదయ్యా, ఈ ఇంటికి నా ముక్కు చాలు. నువ్వు వీధి మలుపు తిరిగితేనే గుప్పుమంటావు కదా!" అంది. నేను పక్కనే ఉన్నాను. నేనూ నవ్వాను.

ఆ శనివారం దాకా ఆగలేదు ఆ మాయదారి మంట. శుక్రవారం తెల్లారకముందు నుంచీ పిరోగీలు చేసి, ఒళ్లు హూనమై, మధ్యాహ్నం వెర్నా ఇంటికెళ్లి మేడ మీద నడుం వాల్చింది. కింద నేలమాళిగలో బట్టలు ఆరబెట్టే యంత్రం తిరుగుతూ ఉంది. అంతలో కొండ మీద ఎండుగడ్డి అంటుకుందని సైరన్ కూసింది. ఫైరింజనూ మగవాళ్లూ అందరూ కొండెక్కారు. యంత్రంలో పేరుకున్న నూలుపీచు రాజుకుందని తరువాత తేల్చారు. కొండ మీద గొట్టం పట్టుకుని ఉన్న లియొనార్డ్ వైర్‌లెస్ రేడియోలో తన ఇంటి నంబరు విన్నాడు. అరవలేదట. గొట్టం పక్కవాడి చేతిలో భద్రంగా పెట్టి, అప్పుడు పరుగెత్తాడట.

మంటలోంచి వెర్నాను మోసుకొచ్చింది అతనే. పట్నం ఆసుపత్రిలో కొన్నాళ్లు ప్రాణాలతో కొట్టుకుని పోయింది నా చిట్టి చెల్లి. మధ్యలో ఒకసారి తెలివొచ్చి మొగుడితో నాలుగు మాటలు మాట్లాడింది. ఏమందని ఎంత అడిగినా అతను నోరు విప్పలేదు.

సైరన్ కూస్తే మంటలకు వెళ్లేవాడు గానీ, అలారాల పెట్టె మాత్రం ముట్టుకోలేదు. చలికాలం వచ్చింది, ఊళ్లో చలి కాచుకునే పొయ్యిలు వెలిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్విలా కూర్చుంటే ఇంకో ఇంట్లో ఇంకో వెర్నా పోతుంది, ఆ పాపం ఎవరిది? లే!" అని పెట్టె అతని ఒళ్లో పడేసి, నేనే వెంట బయల్దేరాను.

పాత గని కార్మికుల వరసలో షెల్బీ అనే చిన్నది ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి. తలుపు సగమే తీసింది. అలారం ఊడదీసి సొరుగులో పడేసిందట.

"నాలుగు బంగాళాదుంపలు వేయిస్తే చాలు, కొంప మునిగినట్టు అరుస్తుందండీ. నాకు ముక్కు లేదా ఏంటి? పొగొస్తే తెలీదా?"

దులిపేద్దామని నేను నోరు తెరిచాను. లియొనార్డ్ చెయ్యెత్తి ఆపాడు.

"మా ఆవిడకీ ముక్కుండేదమ్మా" అన్నాడు.

షెల్బీ తలుపు మూయబోయి ఆగింది.

"వాసన వచ్చింది దానికి. మగతలో ఉంది కదా, నేనే వచ్చాననుకుంది. కోటు వరండాలో పెట్టమని కేకేసిందట. నేను పలకలేదు." పెట్టె చంకలో సర్దుకున్నాడు. "రోజూ అరుస్తున్నందుకు అలిగాననుకుందట. సర్లే, లేచాక బతిమాలుకుందాం అని అటు తిరిగి పడుకుందట."

దేవుడా! ఆసుపత్రిలో అది చెప్పిన ఆ మాట అంతవరకు నాకూ తెలియదు.

షెల్బీ తలుపు బార్లా తీసింది. లోపలికెళ్లి సొరుగులోంచి అలారం తెచ్చింది, తనే కుర్చీ వేసింది. అతను ఎక్కి బిగించాడు. కుర్చీ నేను పట్టుకున్నాను. బిగించాక మీట నొక్కాడు. ఎప్పుడూ ఒక్క కూత కూయగానే వేలు తీసేవాడు. ఆ రోజు తీయలేదు. పిల్లలు చెవులు మూసుకున్నారు. తల పైకెత్తి చూస్తే అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఇక చాలు దిగమని అనలేదు నేను. ఆ గోలలో అతని ఏడుపు వినబడలేదు, నా ఏడుపూ వినబడలేదు. కుర్చీ మాత్రం గట్టిగా పట్టుకున్నాను.