చీరాల నుంచి తెచ్చిన నీళ్ళు

ఫోటో స్టూడియో మూసేశాక నా చేతులకు పని లేకుండా పోయింది. వయసొచ్చినప్పటి నుంచీ డార్క్‌రూంలో ట్రేలు ఊపిన చేతులవి. కాగితం మీద బొమ్మ తేలే దాకా మందునీళ్ళను కదుపుతూనే ఉండాలి, ఆపితే మరకలు పడతాయి. తర్వాత డిజిటల్ వచ్చింది, ఆ తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఇక పాస్‌పోర్ట్ ఫోటోలకు తప్ప మా మెట్లెక్కే మనిషి లేడు. షట్టర్ దించి సామానంతా ఖిలా వరంగల్ పోయే తోవలో ఉన్న మా ఇంటికి చేర్చాను. ఆ రోజు నుంచి పొద్దున లేస్తే ఏం చేయాలో తోచేది కాదు. గేటు దాకా పోయేవాణ్ణి, వచ్చేవాణ్ణి. బీరువా తలుపుకు స్క్రూలు బిగించి, బాగాలేదని వదులు చేసి, మళ్ళీ బిగించేవాణ్ణి. అమ్మ సీరియల్ చూస్తుంటే టీవీ వెనక దూరి వైర్లు సర్దేవాణ్ణి.

“జర ఓ కాడ కూసో కొడుకా. నిన్ను చూస్తాంటే నా కాళ్ళు గుంజుతానయ్,” అనేది అమ్మ.

నా భార్యది చీరాల. ఇక్కడి దవాఖానలో నర్సుగా చేస్తుంది. మా బావమరిది ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి మేమిద్దరం వెళ్ళాం. భోజనాలయ్యాక అందరూ సముద్రానికి బయల్దేరారు. అల వెనక్కి పోయినప్పుడు ఇసుకలో మిగిలిన ఒక చిన్న గుంటలో శంఖమొకటి నడుస్తూ కనిపించింది. వంగి చూస్తే దాని లోపల పీత. గోరంత శంఖాన్ని ఇల్లు చేసుకుని, దాన్ని ఈడ్చుకుంటూ అటు పోతోంది, ఇటు వస్తోంది. నేనూ అక్కడే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నా భార్య వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

“ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా? ఇంతసేపు కదలకుండా కూర్చున్నారు!”

ఇంటికొచ్చాక, అలాంటి పీతల్ని పెంచాలని స్టూడియో షోకేసు అద్దాలు విప్పి, అద్దాల షాపులో కోయించి తొట్టి అతికించుకున్నాను. ఫోన్‌లో వీడియోలు చూస్తే అన్నీ మిషన్లే. నురుగు తీసేదొకటి, నీళ్ళు చల్లబరిచేదొకటి, రంగురంగుల లైట్లు, సీసాల్లో మందులు. మా బావమరిదికి రొయ్యల చెరువులుండేవి. ఫోన్ చేసి అడిగాను.

“అవన్నీ ఎందుకు బావగారూ? మా తాత కుండీలో పీతల్ని బతికించేవాడు. అడుగున మందంగా సముద్రపు ఇసుక పొయ్యండి. బొక్కలున్న సున్నపురాళ్ళు పేర్చండి. నాచు పెంచండి, నత్తల్ని వదలండి. పొద్దుటి ఎండ తగలాలి, నీళ్ళు కాస్త కదులుతుండాలి. మిగిలింది అవే చూసుకుంటాయి. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి,” అన్నాడు.

ఆ చివరి మాటే నాకు చేతకానిది.

సముద్రపు నీళ్ళు క్యాన్లలో పట్టి, ఇసుక సంచిలో కట్టి రైల్లో తెచ్చాను. గాలి బుడగలు వదిలే చిన్న మోటారొక్కటి పెట్టాను. మొదట నల్ల మోలీ చేపల్ని కొన్నాను. మన ఊళ్ళో ఏ చేపల దుకాణంలోనైనా దొరికే మంచినీటి చేపలే అవి. బకెట్లో రోజుకు కొంచెం చొప్పున సముద్రపు నీళ్ళు కలుపుతూ పోతే నిదానంగా ఉప్పుకు అలవాటు పడతాయి. అవి పడ్డాయి కానీ నేను పడలేదు. పొద్దున ఒక రాయి జరిపేవాణ్ణి, సాయంత్రం దాన్ని ఉన్నచోటికే తెచ్చేవాణ్ణి. అద్దం మీద గోధుమరంగు పొర కనిపిస్తే గీకేవాణ్ణి. ఇసుక కదిలి నీళ్ళు మజ్జిగలా అయ్యేవి. అవి తేరుకునేలోపు మళ్ళీ చెయ్యి పెట్టేవాణ్ణి.

“దానికి జబ్బేం లేదండీ. మీ చెయ్యే దాని జబ్బు,” అంది నా భార్య, డ్యూటీకి పోతూ చెప్పులేసుకుంటూ.

ఆ మాటకు సిగ్గేసి, తోచనప్పుడల్లా కోటగోడ దాకా నడిచి రావడం మొదలుపెట్టాను. నేను నడుస్తున్న ఆ రోజుల్లోనే తొట్టి తేటపడింది. రాళ్ళ మీద ఊదారంగు మచ్చలు లేచాయి. ఒక మూల నాచు పచ్చగా, దువ్వని జుట్టులా పెరిగింది. అప్పుడు బావమరిది పంపిన శంఖు పీతల్ని, నత్తల్ని వదిలాను.

అమ్మ మొదట దాని దిక్కు చూడలేదు. నీచు సామాను ఇంట్లో పెట్టినవని గొణిగేది. ఒకరోజు సీరియల్ మధ్యలో కరెంటు పోయి, ఏమీ తోచక కుర్చీ తొట్టి ముందుకు జరుపుకుంది. కరెంటు వచ్చినా ఆ కుర్చీ అక్కడి నుంచి కదల్లేదు. “గీ ఎండ్రికాయకు పొగరెక్కువ. పక్కదాని శిప్పను గుంజుకుంటాంది సూడు,” అని నవ్వేది. అన్నిటికంటే చిన్నదానికి ‘పిల్ల’ అని పేరు పెట్టింది.

ఎండాకాలం వచ్చింది. వరంగల్ ఎండ సంగతి మనకు తెలిసిందే. పొద్దున్నే గోడలు వేడెక్కేవి. తొట్టిలో నీళ్ళు ఆవిరై తగ్గిపోయేవి. నీళ్ళు పోతాయి కానీ ఉప్పు పోదు, కాబట్టి లోపల ఉప్పదనం పెరుగుతుంది. తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి. మా బోరు నీళ్ళు పనికిరావు, అందుకని వానాకాలంలో డాబా మీద డ్రమ్ముల్లో పట్టి మూతలేసిన నీళ్ళు పోసేవాణ్ణి. అద్దానికి నల్ల టేపు ముక్క అంటించి, అక్కడి దాకా అని గుర్తు పెట్టుకున్నాను. తడిగుడ్డలు చుట్టాను, టేబుల్ ఫ్యాను నీళ్ళ మీదికి తిప్పాను, ఐసు కట్టిన సీసాలు తేలేశాను. గంటకోసారి థర్మామీటరు చూడకపోతే నాకు ఊపిరాడేది కాదు.

అప్పుడే డోర్నకల్ నుంచి పాత గిరాకీ ఒకాయన ఫోన్ చేశాడు. రైల్వేలో పనిచేస్తాడు. ఆయన పెళ్ళి ఫోటోలు తీసింది నేనే, ఇప్పుడు కూతురి పెళ్ళికీ నేనే రావాలట. వెళ్ళాలని ఉంది, తొట్టిని వదలాలని లేదు. సంచి సర్దాను, తీశాను, మళ్ళీ సర్దాను.

“పో కొడుకా. టేపు దాక నీళ్ళు పొయ్యాలె, గంతే గద? నేను లేనా? ఫికర్ చెయ్యకు,” అంది అమ్మ.

పెళ్ళి ముగించుకుని మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరాను. అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. “చూడు, టేపు కాడికి సరింగ ఉన్నదా లేదా?” అంది. ఉంది, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. తలెత్తి చూశాను. కిటికీ చువ్వకు పూజగదిలోని రాగి ధారాపాత్ర వేలాడుతోంది. కార్తీకమాసంలో శివలింగం మీద వేలాడదీసే పాత్ర అది. అడుగున ఉన్న సన్నని బెజ్జం నుంచి ఒక్కో బొట్టూ తొట్టిలో పడుతోంది. మోకాళ్ళ నొప్పితో మాటిమాటికీ లేవలేక, తనకు తోచిన ఉపాయం చేసింది. ఎంత చక్కని ఉపాయమో! అలాంటిది నాకే తట్టలేదు.

తర్వాత ఇసుక వైపు చూశాను. నత్తలు అద్దం మీది నుంచి ఊడి వెల్లకిలా పడి ఉన్నాయి. శంఖాలు ఖాళీగా ఉన్నాయి. పీతలు ఇళ్ళు వదిలి బయటికొచ్చి, మెత్తని ఒళ్ళతో ఇసుక మీద పడి ఉన్నాయి. చేపలు మాత్రం తిరుగుతున్నాయి. పాత్ర బెజ్జం చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది.

“నిద్రపోతానయేమో అనుకున్న,” అంది అమ్మ. అంటూనే దగ్గరికొచ్చి అద్దాన్ని వేలితో తట్టి చూసింది.

“వేడికి పోయినయ్ అమ్మా. పెద్ద ఎండ గద,” అన్నాను. అంటూనే పాత్రను దించి వెనక గదిలో పెట్టాను.

సాయంత్రం నా భార్య డ్యూటీ దిగి వచ్చింది. ముందురోజు నుంచీ దవాఖానలోనే ఉండిపోయిన ఆమెకు ఏమీ తెలియదు. వెనక గదిలో పాత్ర చూసి, తొట్టి చూసి, మా ఇద్దరి ముఖాలు చూడకుండానే అనేసింది. “అయ్యో, రాగి తగిలిందా? మా చెరువుల్లో నాచు పోవడానికి మైలుతుత్తం వేస్తే నత్తలన్నీ ఇలాగే చచ్చేవి. అందులో ఉండేదీ రాగేగా!” అప్పుడు అమ్మను చూసి నాలుక కరుచుకుంది.

అమ్మ తొట్టి అంచు పట్టుకుని ఖాళీ శంఖాల వైపు వంగింది. తర్వాత నన్నే చూస్తూ అడిగింది. “శివుని మీద పడ్డ నీళ్ళు గద బిడ్డా. తీర్థమని అందరం తాగినం గద. గవి ఎట్ల సంపుతయ్?”

“మనకేం కాదమ్మా. వాటి ఒళ్ళు వేరు.”

“నాకు చెప్పకపోతివి.”

“నాకు గుర్తుకు రాలే. నువ్వు గట్ల చేస్తవని నాకెట్ల తెలుస్తది?”

ఆ రోజు నుంచి అమ్మ కుర్చీ వెనక గదిలోకి మారింది. సీరియల్ కూడా చూసేది కాదు. దీపం పెట్టేది, కానీ లింగం మీద నీళ్ళు పొయ్యడం మానేసింది. అన్నం దగ్గర రెండు ముద్దలు కెలికి లేచేది. “నా చేతిల ఏదో ఉన్నది,” అని పొరుగావిడతో అంటుంటే విన్నాను. తొట్టి మురికి పడితే గీకవచ్చు, నీళ్ళు తగ్గితే పోయవచ్చు. దీనికేం చేయాలి? నేను ఆ గది గుమ్మం దాకా పోతాను, ఏదో ఒకటి అడుగుతాను, వచ్చేస్తాను. మళ్ళీ పోతాను. “టీ తాగుతవా?” అని అడిగిన కాసేపటికే మళ్ళీ “టీ తాగుతవా?” అని అడిగానని నా భార్య చెప్పింది.

రాగి ఇసుకలోకీ రాళ్ళలోకీ ఇంకితే వదలదని బావమరిది అన్నాడు. అన్నీ పారేసి మళ్ళీ మొదటి నుంచి రావాలి. మోలీల్ని క్యానులో మిగిలిన పాత సముద్రపు నీళ్ళతో టబ్బులో వేశాను. చీరాలకు బయల్దేరుతూ క్యాన్లు కడుగుతుంటే అమ్మ వెనక నిలబడింది.

“నేను గూడ వస్త.”

“మోకాళ్ళు?”

“రైలు నడుస్తది గద, నేను నడుస్తనా?”

ఆమె అంతవరకు సముద్రం చూడలేదు. మేడారం జాతరకు ఎన్నిసార్లో పోయింది, జంపన్నవాగులో మునిగింది. అంతకంటే పెద్ద నీళ్ళు తెలియవు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని డోర్నకల్ దాటినా ఖమ్మం దాటినా ఒళ్ళోని ఖాళీ మగ్గు వదల్లేదు. నేను సీటులో ఉండలేక తలుపు దగ్గరికీ సీటుకీ తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున బావమరిది ఆటోలో ఒడ్డుకు తీసుకెళ్ళాడు. అమ్మ సముద్రాన్ని చూసి దండం పెట్టింది. ఎక్కువసేపు చూడలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, మగ్గు తీసుకుని, ఆగిపోయింది. మోకాళ్ళ నొప్పులకని ఎవరో చెబితే చేతికి రాగి కడియం వేసుకుంది. అది కదలనంత బిగుసుకుపోయి ఉంది. తడి ఇసుకతో రుద్ది రుద్ది, చర్మం ఎర్రబడేదాకా లాగి, తీసి నా జేబులో వేసింది.

“ఇప్పుడు ముట్టుకోవచ్చునా?” అని అడిగింది.

“ముట్టుకో అమ్మా. గంత పెద్ద సముద్రానికి ఏం కాదు.”

“గట్లనే అనుకున్న అప్పుడు,” అని మగ్గు ముంచింది. క్యాన్లన్నీ ఆమే నింపింది. నన్ను మూతలు పెట్టనిచ్చింది, అంతే. కొత్త పీతల్ని, నత్తల్ని బావమరిది ఏరిచ్చాడు; తొట్టి తేటపడే దాకా వాటిని వేరే టబ్బులో ఉంచాం.

తొట్టి మళ్ళీ మొదలైంది. ఇసుక, రాళ్ళు, నాచు, మోలీలు. మళ్ళీ గోధుమరంగు పొర వచ్చింది, మళ్ళీ పోయింది. వానలు పడ్డాక నీళ్ళు తేటపడ్డాయి. పీతల్ని వదిలే ముందు అమ్మ చేతులు సబ్బుతో కడిగి, సబ్బు ఉంటుందేమోనని మళ్ళీ వాన నీళ్ళతో కడిగింది. కుర్చీ తొట్టి ముందుకు వచ్చింది. నేను చెయ్యి లేపితే చాలు, “ఊఁ” అనేది.

ఒకరోజు పొద్దున ఆమె అరుపు విని పరుగెత్తాను. ఇసుక మీద పీత ఒకటి వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు, కొండ్లు, కళ్ళు, అన్నీ ఉన్నాయి. కదలడం లేదు. అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది.

“మళ్ళ సంపిన్నా? నేను ఏది ముట్టలేదు కొడుకా. నీ మీదొట్టు, ఏది ముట్టలేదు.”

రాళ్ళన్నీ తీసి మిగిలినవి బతికున్నాయో లేదో చూడాలని మోచేతుల దాకా చొక్కా మడిచాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి అడ్డం నిలబడింది. “ఆగండి. ముందు దాన్ని బయటికి తియ్యండి.” చెంచాతో తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. “నొక్కి చూడండి అత్తయ్యా.”

అమ్మ వేలితో తాకింది. అది ఉల్లిపొరలా నలిగింది. లోపల ఏమీ లేదు. “కుబుసం అత్తయ్యా. పెరిగి, పాతది విడిచేసింది. ఇప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది కదా, ఎక్కడో దాక్కుని ఉంటుంది. గట్టిపడ్డాక అదే వస్తుంది. వెతక్కండి.”

ఆ రోజంతా నేను ఇంట్లో నిలవలేకపోయాను. కోట దాకా నడిచి వచ్చి, “వచ్చిందా?” అని అడిగాను. “రాలే,” అంది అమ్మ. మార్కెట్‌కు పోయి అవసరం లేని కూరగాయలు తెచ్చి, “వచ్చిందా?” అన్నాను. “నువ్వు గిట్ల అడుగుతాంటే అది అస్సలు రాదు,” అంది. మర్నాడూ అంతే.

చివరికి అది బయటికొచ్చినప్పుడు మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు. నేను డాబా మీద ఉన్నాను, అమ్మ కుర్చీలోనే కునుకు తీసింది. కిందికి వచ్చేసరికి ఆమె ముందు అద్దానికి అవతల, ఇదివరకటి కంటే పెద్ద శంఖం తగిలించుకుని, నాచు తుంచుకు తింటోంది. కాళ్ళు కొత్తగా, ఎర్రగా మెరుస్తున్నాయి. అమ్మను లేపాను. ఆమె కళ్ళు నులుముకుని, అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

“దొంగముండ,” అని, లేచి ముఖం కడుక్కోవడానికి పోయింది. ఆ పూట అన్నం మళ్ళీ పెట్టించుకుని తిన్నది.

తొట్టి ఇప్పుడు అమ్మదే. లింగం మీదికి ఇత్తడి చెంబుతో నీళ్ళు పోస్తోంది, కడియం మాత్రం మళ్ళీ వేసుకోలేదు. ఈ ఎండాకాలం గడిచేదాకా నమ్మకం లేదని నేను అంటాను. నాకు ఇప్పటికీ ఒకచోట కూర్చోవడం రాదు. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి థర్మామీటరు చూసి వచ్చాను.