దసరా ముందు తీసేసిన డిస్కు

మొన్న మా కోడలి ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయ్యాక లేవనని మొండికేసి, నల్లని తెర మీద ఒక్క ఇంగ్లీషు ముక్క చూపించి ఊరుకుంటే, అందరూ నవ్వుతూ నా చేతికిచ్చారు గానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. మన కాలంలో కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్సు వేసుకున్నవాళ్లకు ఆ తెర కొత్త కాదు. నాకది మా అన్న ముఖంతో కలిసి గుర్తుంది.

మా ఊళ్లో కుంఠా నాకా అనే చోట అన్నకు మరమగ్గాలుండేవి, మేము సాంచాలంటాం. దుప్పట్ల మీది పూలూ నెమళ్లూ అన్నీ మా బాపు, అంటే మా నాన్న, గీసినవే. ఆయన పోయాక అన్న వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. ఆ డిజైన్లు నచ్చే, దుప్పట్లు నేయించుకునే సేటు అన్నకు నూలు ఇచ్చేవాడు.

దసరా ముందురోజు పనిముట్లకు చేసే ఖండేనవమి పూజనాటికి పాడైన వస్తువేదీ కార్ఖానాలో మిగలకూడదని మా ఇంటి ఆచారం. ఆ ఏడు అన్న, కంప్యూటర్‌లో కిర్రుమంటున్న పాత డిస్కును కూడా ఊడదీసి తుక్కువాడికిచ్చేశాడు. డిజైన్లూ లినక్సూ కొత్త డిస్కులోనే ఉన్నా, యంత్రాన్ని లేపే బూట్‌లోడర్ పాతదాని మీదుందని ఆయనకేం తెలుసు? పూజచేసి మీట నొక్కితే నల్లని తెర. బాపు గీతలన్నీ తన చేత్తోనే తుక్కులో పడేశాననుకుని, సిగ్గుతో అవి ఎలా పోయాయో ఎవరికీ చెప్పక లోలోపలే కుమిలిపోయాడు. డిజైన్లు లేవనగానే సేటు వేరే కార్ఖానా చూసుకున్నాడు.

మా ఊళ్లోనే హోట్గి రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తున్న నాకు, దీపావళి దగ్గరపడ్డాక, కంప్యూటర్ లేవడంలేదని బీడీలు చుడుతూ వదిన చెప్పింది. మర్నాడు పొద్దున్నే పరుగెత్తాను. అప్పటికే తుక్కుకు అమ్మేసిన సాంచాలు ముక్కలై టెంపో ఎక్కుతున్నాయి.

అయినా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి చూస్తే బాపు గీసినవన్నీ భద్రంగా ఉన్నాయి. వెనక నిలబడ్డ అన్న వైపు తిరిగే ధైర్యం లేక, కొత్త డిస్కు మీద బూట్‌లోడర్ ఎక్కించాను. మొదటిసారి పని చేయలేదు, యంత్రం లేచే పద్ధతులు రెండు, పెన్‌డ్రైవ్ కొత్త పద్ధతిలో లేచింది, ఆ కంప్యూటర్‌లో లినక్సు వేసిందేమో పాత పద్ధతిలో. పెన్‌డ్రైవ్‌నీ పాత పద్ధతిలోనే లేపి మళ్లీ ఎక్కిస్తే, ఏమీ జరగనట్టే యంత్రం తనంతట తానే లేచింది. తెర మీద బాపు గీసిన నెమలి.

"గివి ఈడనే ఉన్నయా?" అన్నాడు అన్న. కాసేపు చూసి, "ఇగ బంద్ చెయ్, చెల్లె" అన్నాడు.

ఆ తర్వాత పోయేదాకా పరాయివాళ్ల కార్ఖానాలో టవళ్లు మడతపెట్టాడు. ఇప్పుడు ఆ సందులో సాంచాల చప్పుడు లేదు. ఇప్పటివాళ్లు తెర నల్లబడితే చాలు, ముక్కూమొహం తెలియనివాళ్లనైనా ఫోన్లో అడిగేస్తారు, ఎవరూ సిగ్గుపడరు. ఆ మాటలు చెవిన పడినప్పుడల్లా, అదే ఊళ్లో నేనుండగా అన్న నన్నొక్కమాట అడగలేకపోయాడే అని ఏడుపొస్తుంది.