జకరయ్య గారి మొదటి పాఠం

హెడ్మాస్టరు జకరయ్య గారి ముందు ఎవరూ మామూలుగా మాట్లాడకూడదు. ఏం చెప్పినా డప్పు దెబ్బకు చెప్పాలి. విడవలూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఆ మిషన్ బడిలో, 1962లో, ఎక్కాలు, ప్రార్థన, మంచినీళ్లకు వెళ్లొస్తామనే వేడికోలు, అన్నీ తకిట తకిట లెక్కనే సాగేవి.

ఆ డప్పు మన దేశానిది కాదు. మిషన్ ఆస్పత్రిలో పనిచేసి వెళ్లిపోయిన ఐర్లండు నర్సమ్మ ఇచ్చింది. జల్లెడ లాంటి చట్రం, దానికి మేకతోలు, వాయించడానికి జానెడు పుల్ల. పుల్ల కిందికి, పైకి, కిందికి. మళ్లీ కిందికి, పైకి, కిందికి. ఇది మొదటి పాఠం. రెండోది చెప్పేలోగా నర్సమ్మ ఓడెక్కింది. జకరయ్య గారు మొదటి పాఠం మీదే స్థిరపడిపోయారు.

ఒకసారి చేపలు పట్టే ఆదెయ్య పరుగున వచ్చాడు. "అయ్యవారా, వల లాగాల, మా పిలకాయల్ని పంపించండి."

"అట్టా కాదు ఆదెయ్యా. దెబ్బకు చెప్పు."

ఆదెయ్య మూడుసార్లు తప్పి నాలుగోసారి సరిగ్గా చెప్పేసరికి, వల పిలకాయలు లేకుండానే ఒడ్డెక్కింది. "ఈయనకు తిక్క ముదిరిందబ్బా" అనుకుంటూ పోయాడు.

చిత్రమేమిటంటే, వాయించేటప్పుడు ఆయన చెవుల్లో దూది ఉండేది. అడిగితే, "సముద్రపు గాలి నాకు పడదు" అనేవారు.

కొత్త టీచరు ఎస్తేరమ్మకు మాత్రం ఈ పిచ్చి కలిసొచ్చింది. ఆమెకు నత్తి. హాజరు పిలవడానికే పూట గడిచిపోతోందని కిందటి బడిలో ఉద్యోగం తీసేశారు. ఇక్కడ డప్పు మోగుతున్నంతసేపూ మాట ఆగేది కాదు. అదృష్టం కొద్దీ పిచ్చి హెడ్మాస్టరు దొరికాడని రోజూ దేవుడికి స్తోత్రం చెప్పుకునేది. కాకపోతే ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సరేనంటేనే ఈ ఉద్యోగం ఖాయం.

ఇన్‌స్పెక్టరు కామాక్షయ్య గారు వచ్చారు. గంటసేపు తకిట తకిట భరించి, "ఇది బడా, జాతరా? ఆపండయ్యా ఆ మోత" అన్నారు. పుల్ల ఆగింది. "నువ్వు హాజరు పిలువమ్మా."

"పో... పో..." పోలేరయ్య పేరు ఎస్తేరమ్మ గొంతులోనే ఇరుక్కుంది. ఇన్‌స్పెక్టరు కలం మూత తీశారు. ఈ ఉద్యోగమూ పోయిందనుకుని ఆమె సిగ్గుతో తల వంచుకుంది. వంచిన తలకు బల్ల కింద ఆయన బూటు కనబడింది. గంటసేపు విన్న పాపానికి ఆ బూటు దాని మానాన అది నేలమీద ఆడుతోంది: తకిట తకిట. ఆమె దాని మీదనుంచి చూపు తిప్పకుండా నలభై పేర్లూ గడగడా పిలిచేసింది.

"వినయం గల టీచరు. తల ఎత్తనే లేదు" అని మెచ్చుకుని కామాక్షయ్య గారు ఉద్యోగం ఖాయం చేశారు. హెడ్మాస్టరుకు మతి స్థిమితం లేదని మాత్రం ఎర్రసిరాతో రాశారు. జకరయ్య గారు చేతులు కట్టుకుని, "వేరే పాఠం రాదు సార్" అన్నారు.

ఆ సాయంత్రం ఎస్తేరమ్మ ఆయా మగ్దలీనమ్మను అడిగింది. "ఆ... ఆయనకీ పిచ్చి ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చిన రెండోనాటి నుంచేనమ్మా. అంతకుముందు ఆ డప్పు అటక మీదే పడుండె. నువ్వు సెలవు పెట్టిననాడు ముట్టను గూడా ముట్టరు. ఆ మోత వింటే తలకాయ పగిలిపోతాదంట."

"మరి అ... అందరి చేతా ఎందుకు?"

"నేనూ అదే అడిగినా. ఆ యమ్మ ఒక్కదానికే వాయిస్తే పిలకాయలు నవ్వుతారు, అందరం అట్నే మాట్లాడితే ఇంక నవ్వేదెవరు, అన్నారు."

ఎస్తేరమ్మకు ఏడుపు రాబోయింది. చెవుల్లో దూది గుర్తొచ్చి నవ్వొచ్చేసింది.

మర్నాడు ప్రార్థనకు ముందు ఆయన బల్ల మీద కొత్త దూది పొట్లం పెట్టింది. "సార్, స... సముద్రపు గాలి ఎక్కువగా ఉంది."

జకరయ్య గారు ఒక్క క్షణం ఆమె వంక చూశారు. తర్వాత దూది తుంచి రెండు చెవుల్లోనూ కుక్కుకుని, పుల్ల అందుకున్నారు.