మూడో తరగతి పట్టుపంట

బడులు ఫోనులోకి ఎక్కడం కొత్తగా మొదలైన ఆ రోజుల్లో, మా చిన్న ప్రైవేటు బడిలో శుక్రవారం వచ్చిందంటే పిల్లలకన్నా టీచర్లకే ఎక్కువ గుబులు. ఆ వారం తరగతిలో ఏం నేర్పామో, పిల్లలతో ఏం చేయించామో వీడియో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాలి. పెట్టకపోతే ఆ వారం పాఠమే జరగనట్టు. తీసేది మాత్రం హెడ్ మేడమే, ఆమె ఫోనులోనే. (మా ఫోన్లలో తీస్తే బడికి మర్యాదగా ఉండదని ఆమె అభిప్రాయం. మా ఫోన్లు చూసిన వాళ్ళెవరూ ఆమెతో గొడవకి దిగరు.) నేను అప్పుడే చదువు ముగించుకుని, కావేరిపట్టణంలో మా నాన్న కిరాణా అంగడి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చి, హోసూరు దగ్గర బేరిగైలో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ మూడో తరగతి టీచరుగా చేరాను. అంగడి పిల్లని కాబట్టి నాకు తెలిసిన పురుగులు రెండే జాతులు: బియ్యంలో వచ్చేది, కందిపప్పులో వచ్చేది. వాటిని చూస్తే చాట అందుకోవడమే తప్ప, జీవితచక్రం గీయాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

నా మొదటి పెద్ద పాఠం సీతాకోకచిలుక జీవితచక్రం. పాఠాల ప్లాను పుస్తకంలో మొదటి వారం పురుగు, తర్వాతి వారం గూడు, అలా రాసుకుంటూ పోయి చివరి శుక్రవారం గడిలో ‘సీతాకోకచిలుక బయటికి రావడం’ అని రాశాను. గడిలో ఇంకా కొంచెం చోటు మిగిలింది. ఖాళీగా ఎందుకని ‘ప్రత్యక్షంగా’ అని చేర్చాను. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది. హెడ్ మేడమ్ అది చదివి మురిసిపోయి, అదే సాయంత్రం గ్రూపులో చాటింపు వేసేశారు. నన్ను పిలిచి, ఆ శుక్రవారం బాగా జరిగితే నా ఉద్యోగం ఖాయం చేస్తానని కూడా చెప్పారు. బాగా జరగకపోతే ఏమిటో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక పురుగు కావాలి. చిన్నమ్మ పెరట్లో నిమ్మచెట్టు మీద ఒకదాన్ని కనిపెట్టి డబ్బా తెచ్చేలోగా పిట్ట ఎత్తుకుపోయింది. తరగతిలో దిగాలుగా ఆ సంగతి చెబితే, ముందు వరుసలో కూర్చునే పిల్ల ఒకతె (వాళ్ళింట్లో పట్టుపురుగులు పెంచుతారు, అందుకని నేను పట్టు పాప అని పిలిచేదాన్ని) నన్ను జాలిగా చూసింది. “ఒక పురుక్కా ఇంత బాధ మిస్? మా ఇంట్లో మాకే చోటు లేనన్ని ఉండాయి. ఎన్ని కావల్ల?” అంది. మర్నాడు వాళ్ళ నాయన మోపెడ్ మీద వెనక ఒక వెదురు తట్ట, ముందు మల్బరీ ఆకు మోపు కట్టుకుని బడికి వచ్చాడు. పురుగైతే పురుగే కదా, ఏదో ఒకటి ఎగిరితే చాలు అనుకున్నాను.

నేను లెక్కలోకి తీసుకోనిది ఏమిటంటే, ఆ తరగతిలో సగం మంది పట్టుపురుగుల ఇళ్ళలో పుట్టినవాళ్ళు. పురుగులున్న చోటికి ఎలా వెళ్ళాలో వాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. చెప్పులు బయట, కాళ్ళు చేతులు కడుక్కున్నాకే లోపలికి, వెల్లుల్లి వేసిన కూర డబ్బాలు వసారాలో. మూడో రోజు నేను తలలో మల్లెపూలు, మొహాన పౌడరుతో వస్తే పట్టు పాప గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. “పూలు తీసేసి రాండి మిస్. వాసనకి మేత మానేస్తాయి.” తీసేశాను. పాప ముక్కు ఎగబీల్చి, మొహం కూడా కడుక్కుని రమ్మంది. కడుక్కున్నాను. ఆ పది పదిహేను రోజులూ నేను జ్వరం నుంచి లేచినదానిలా బడికి పోతుంటే, చిన్నమ్మ మా అమ్మకి ఫోన్ చేసి పిల్ల చిక్కిపోయిందని చెప్పింది. హెడ్ మేడమ్‌కి సెంటు అలవాటు. ఆమెను పిల్లలు ఎంతో వినయంగా కిటికీ బయటే నిలబెట్టారు. ఆ వారం వీడియో ఊచల మధ్య నుంచి తీసిందే. చూసినవాళ్ళకి మా తరగతిని జైల్లో పెట్టినట్టు ఉంది.

కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఆ రోజులంత కుతూహలంగా నేను మళ్ళీ ఏ పాఠమూ చెప్పలేదు. ఆకు వేశాక కాసేపటికి తట్టలోంచి సన్నగా చినుకులు పడుతున్న చప్పుడు వచ్చేది. అవి తింటున్న చప్పుడట. ఎక్కాలు చెప్పేటప్పుడు ఒక్క నిమిషం కుదురుగా ఉండని పిల్లలు ఆ చప్పుడు వినడానికి ఊపిరి బిగపట్టి కూర్చునేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ. తర్వాత పురుగులు పసుపు తిరిగి తలలెత్తాయి. పాప వాళ్ళ నాయన వెదురుతో అల్లిన చంద్రిక ఒకటి తెచ్చి గోడకి తగిలించాడు. గూళ్ళు కట్టుకోవడానికి పురుగుల్ని దాని మీద వదులుతారు. అన్నీ బుద్ధిగా కట్టుకున్నాయి, ఒక్కటి తప్ప. పిల్లలు ‘సోంబేరి’ అని పేరు పెట్టిన ఆ పురుగు ఎటో పాకిపోయి కనిపించకుండా పోయింది. దాని గురించి ఎవరూ పెద్దగా బెంగపడలేదు. అందరికీ ఒకటే ప్రశ్న, గూట్లోంచి ఏం వస్తుంది? నేను పుస్తకంలో నారింజ రంగు బొమ్మ చూపించి, ఇలాంటిదే వస్తుందన్నాను. పట్టు పాపకి నమ్మకం కుదరలేదు. “మా అవ్వని అడిగినాను మిస్. ఆమెకీ సరిగ్గా తెలీదంట” అంది. పుట్టినప్పటి నుంచి పురుగుల మధ్య ఉన్న అవ్వకి తెలియకపోవడమేమిటని నవ్వుకున్నాను. ఆ నవ్వు సోమవారం దాకానే.

సోమవారం తరగతికి వచ్చేసరికి చంద్రిక శుభ్రంగా ఖాళీగా ఉంది. నా బల్ల మీద బిస్కెట్ పొట్లాలు. గుమ్మంలో పాప వాళ్ళ నాయన, మేలు చేసిన మనిషి మొహంతో.

“నిన్న మా గూళ్ళు మార్కెట్టుకి తీస్కపోయినాము టీచరమ్మా. మీవి ఆడనే యాలాడతా ఉండాయని పాప చెప్పింది. మర్చిపోయినారేమో అని వాచ్‌మన్‌తో తలుపు తీపించి, ఇడిపించుకోని పోయినాను. ఇంగ కొన్ని దినాలు ఇడిస్తే పురుగు తొల్చుకోని బయటికొచ్చేస్తుంది, దారం తెగిపోతుంది. పంటంతా పాడు గదా.”

పిల్లలకి బిస్కెట్లు మా పంట అమ్మిన డబ్బుతో వచ్చినవేనట. వాళ్ళు అప్పటికే నములుతున్నారు. నాకు ఏడుపొకటే తక్కువ. మాకు కావలసింది అదేనని, అది తొలుచుకుని బయటికి రావడం కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నామని చెప్పాను. కాచిన పాలని కావాలని విరగ్గొట్టమన్నట్టు ఆయన నా వైపు చూశాడు. ఎందుకమ్మా అన్నాడు. చూడ్డానికి అన్నాను.

“చూసేదానికా” అని ఆయన మెల్లగా తనలో తానే అనుకున్నాడు. ఎగతాళి లేదు అందులో. ఎన్ని పంటలు తీసినా, పురుగు బయటికి రాకముందే గూడు ఇల్లు దాటించాలన్న తొందరే తప్ప, వచ్చేదేమిటో కూర్చుని చూసే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ ఉండలేదని నాకప్పుడు అర్థమైంది. అవ్వ చెప్పింది నిజమే. అప్పుడప్పుడూ మూల మిగిలిన గూడు తొలిచి ఉంటే చీపురుతో ఊడ్చి పారేయడమే వాళ్ళకి తెలుసు.

ఆ వారం ఎలా గడిచిందో అడక్కండి. గ్రూపులో రోజూ హెడ్ మేడమ్ పువ్వుల బొమ్మలతో శుక్రవారాన్ని గుర్తుచేస్తూనే ఉన్నారు. చిన్నమ్మ ఇంట్లో నా పెట్టె సర్దుకోవడం కూడా మొదలుపెట్టాను. గురువారం మధ్యాహ్నం పాత పటాలు దించుతుంటే, ఇండియా మ్యాపు వెనక మడతలో, కాశ్మీరు పక్కన, ఒక పట్టుగూడు. సోంబేరి సోమరిగా ఏమీ లేదు, ఆలస్యంగా, తనకు నచ్చిన చోట పని ముగించుకుంది. పట్టు పాప గూడుని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించి, “లోపల ఉండాది మిస్” అంది. సాయంత్రానికి ఆ కబురు సగం ఊరికి తెలిసిపోయింది.

శుక్రవారం బడిగంటకి చాలా ముందే వెళ్ళాను. నాకన్నా ముందే అవ్వ వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా బల్ల ముందు పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. పక్కన పాప, వాళ్ళ నాయన, తర్వాత ఒక్కొక్కరే పిల్లలూ అమ్మలూ. తెల్లకాగితం మీద గూడు. కాసేపటికి దాని ఒక కొస తడిసినట్టయింది. “తడి తగిలింది, వస్తా ఉండాది” అని అవ్వ గొంతు తగ్గించింది. అప్పుడు గుర్తొచ్చింది, ఫోను హెడ్ మేడమ్ దగ్గర, హెడ్ మేడమ్ హోసూరు బస్సులో. గేటు దాకా పరిగెత్తాను. ఆమె బస్సు దిగి, చిల్లర కోసం కండక్టరుతో మాట్లాడి, సంచిలో ఫోను వెతికి, ఛార్జింగు చూసి, కొంగు సర్దుకుని, నాతో లోపలికి వచ్చేసరికి గూటికి కన్నం ఉంది. కాగితం మీద లావుగా, తెల్లగా, తడిరెక్కలతో ఒక జీవి కూర్చుని ఉంది.

ఇదేనా సీతాకోకచిలుక అని హెడ్ మేడమ్ అడిగారు. రంగేదీ అన్నారు. ఎగరమనండి అన్నారు. అది రెక్కలు వణికించింది కానీ ఎగరలేదు. పట్టుపురుగు చిలుక ఎగరదని ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. అప్పుడు, ఫోనులో ఇంకా వీడియో తీస్తూనే ఉన్న ఆమె ముందు, ఎవరూ అడక్కుండానే అవ్వ మాట్లాడింది.

“పెండ్లైనప్పట్నుంచి వీటికి ఆకేస్తానే ఉండాను. దీని మొగం చూసింది ఈ పొద్దే.”

గ్రూపులోకి పోయింది ఆ వీడియోనే. నా ఉద్యోగం ఖాయమైంది కూడా దాని వల్లే. (నారింజ రంగు గురించి ఎవరూ అడగలేదు.) జనం వెళ్ళాక పట్టు పాప నా దగ్గరికి వచ్చి, అది ఎట్ల వచ్చిందో మీరు చూసినారా మిస్ అంది. లేదన్నాను. తరగతంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. అంత జాలిగా నన్ను అప్పటివరకు ఎవరూ చూడలేదు. తర్వాత ఒక్కొక్కరే స్కూలు సంచి నెత్తిన బోర్లించుకుని, ముందు తల, తర్వాత కాళ్ళు, కాసేపు ఆయాసం, మళ్ళీ గింజుకోవడం, అన్నీ నటించి నాకు పాఠం చెప్పారు. ఆ వారం మూడో తరగతిలో వెనకబడిన విద్యార్థి నేనొక్కదాన్నే.

ఇప్పుడు హోసూరులో పెద్ద బడిలో చెబుతున్నాను. గోడ మీద తెర ఉంది, మీట నొక్కితే పురుగు కళ్ళ ముందే చిలుకైపోతుంది. కానీ బేరిగైలో పట్టు పాప వాళ్ళింట్లో ప్రతి పంటకీ ఒక గూడు మార్కెట్టుకి పోకుండా ఆగుతుంది. దానికి వాళ్ళు పెట్టిన పేరు ‘టీచరమ్మ గూడు’. హోసూరులో కాలేజీకి వచ్చే పట్టు పాప దాన్ని తెచ్చి ఇస్తుంది, ఈ సారైనా చూడండి మిస్ అంటుంది. ఏళ్ళ తరబడి నేను ఆ సమయానికి స్నానంలోనో, ఫోనులోనో, బస్సులోనో ఉన్నాను. ఇవాళ ఆదివారం. ఇది రాస్తున్న బల్ల మీదే, తెల్లకాగితం మీద, ఈ పంట గూడు ఉంది. మల్లెపూలు పెట్టుకోలేదు, పౌడరూ రాసుకోలేదు. గేటు దాకా పరిగెత్తిన ఆ అంగడి పిల్లని తలుచుకుంటే నవ్వొస్తోంది, చెయ్యి పట్టుకుని ఆపి కూర్చోబెట్టాలనీ ఉంది. గూటి కొస ఇప్పుడే కొంచెం తడిసింది. లోపలి గదిలో ఫోను మోగుతోంది. మోగనీ.