గింజ కటుక్కుమనే దాకా

మా తోట బాపు పోయిన కబురు నేను తులసికోట దగ్గర దీపం పెడుతుండగా వచ్చింది. ఆయన బిడ్డ ఫోన్ చేసి, "అక్కా, పొద్దుగాల తోటంత తిరిగొచ్చి మంచంల కూసున్నడు. గట్లనే ఒరిగిండు" అని చెప్పింది. దవాఖానకు తీసుకుపోయేంత వ్యవధి కూడా ఇవ్వలేదట. కాసేపు ఏడ్చి, ముక్కు ఎగబీల్చి, "కోతకు ఇంక దినాలున్నయి గదా" అంది. ఆ ఇంట్లో దుఃఖం కూడా ముందు తోటనే తలుచుకుంటుంది.

ఆయన నాకు చుట్టం కాదు. దంతాలపల్లి దగ్గర ఎర్ర చెల్క నేలలో నల్ల ద్రాక్ష పెంచి, ఆ ద్రాక్షతో ఎర్ర వైన్ చేసిన రైతు. నేను ఆ తోటలో మొదటి కోత నుంచీ పండ్లు కోసిన కూలీని. అందరూ బాపు అనేవారు, నేనూ అలాగే పిలిచాను. వైన్ గురించి రాసే అర్హత నాకు లేదు. ఇప్పటికీ ఒక్క చుక్క నాలుక మీద పెట్టలేదు. మేము నరసింహస్వామిని కొలిచేవాళ్లం, మందు మా గడప దాటి రాదు. అయినా ఆయన గురించి రాయాల్సింది నేనేనని ఆయన బిడ్డ పట్టుబట్టింది.

పనికి వెళ్లిన మొదటిరోజే ఆయనను అడిగాను, ఈ పని చేస్తే నాకు పాపం తగులుతుందా అని. ఆయన తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి ముఖం తుడుచుకున్నాడు. "దేవుడిచ్చింది పండు. నువ్వు పండు దాక చూసుకో బిడ్డా. పండు దాటినంక పాపమంత నాదే" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి కోతలో మొదటి గుత్తి విడిగా ఆకులో చుట్టి, నీ స్వామికని నా చేతికిచ్చేవాడు. నేను ఇంట్లో నైవేద్యం పెట్టాకే పనిలోకి దిగేదాన్ని.

వయసులో ఉన్నప్పుడు ఆయన నాసిక్ వైపు ఒక వైన్ ఫ్యాక్టరీలో పీపాలు కడిగాడట. కడుగుతూ, వాసన చూస్తూ, అడుగుతూ నేర్చుకున్నాడు. తిరిగొచ్చి తోట పెడితే చుట్టూ ఉన్న మిర్చి రైతులు నవ్వారు. ఇంత ఎండలో వైన్ ఉడికిన చింతపులుసు అవుతుందన్నారు. మా మిర్చి ఘాటు నీ పీపాల్లోకి పోతే మళ్లీ మమ్మల్ని అనొద్దని ఎగతాళి చేశారు. ఆయన కూడా వాళ్లతో పాటే నవ్వేవాడు.

పీపాల గదిలోకి చెప్పులు విడిచే వెళ్లేవాడు. ఎవరైనా రుచి చూడ్డానికి వస్తే గ్లాసు ఇచ్చి ఒకటే అడిగేవాడు: "ఏం పండు యాదికొచ్చింది?" వాళ్లు పెద్ద పెద్ద మాటలు మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టి, "గవి నాకు సమజ్ గావు. పండు పేరు చెప్పుండ్రి" అనేవాడు.

అయితే మొదటి రెండేళ్లు ఎవరూ మాగిన పండు పేరు చెప్పలేదు. హైదరాబాద్ నుంచి హోటల్ కోసం కొనేవాళ్లు వచ్చి, ముందు తియ్యగా ఉంది, వెనక పచ్చి నేరేడు నమిలినట్టు నాలుక పీక్కుపోతోంది అని గ్లాసులు దించేశారు. మూడో ఏడు కూడా ఇంతే అయితే తీగలు పీకేసి తానూ మిర్చి పెడతానని బాపు తన భార్యతో, మేమంతా అవ్వ అని పిలిచే ఆమెతో, అన్నాడు. తోటలో తీగలకు ఊతంగా పాతిన రాతి కడీలు కొనే మనిషి వచ్చి చూసిపోయాడు కూడా.

ఆ మూడో కోతనాడు మేమంతా కత్తెరలు పట్టుకుని నిలబడ్డాం. శివరాత్రి దాటింది, ఎండ మండుతోంది. రసం బొట్టు వేసి తీపి కొలిచే అద్దం పండు తయారన్నది. నాసిక్ నుంచి ఫోన్లో సలహా చెప్పే నిపుణుడు ఈరోజే కోయమన్నాడు. నేను ఒక పండు నోట్లో వేసుకుని, అలవాటు కొద్దీ గింజ కొరికాను. వడ్లు ఎండాయో లేదో కల్లంలో అలాగే చూస్తాం కదా. గింజ మెత్తగా వంగింది. చేదు. తీసి చూస్తే ఆకుపచ్చగా ఉంది.

"బాపూ, ఇంక గాలే" అన్నాను.

పక్క తండా నుంచి వచ్చే అక్క పకపకా నవ్వింది. "వడ్లనుకున్నవానే?"

బాపు నవ్వలేదు. తానూ ఒక గింజ కొరికాడు. ప్రతి సాలు చివరికీ నడిచి ఒక్కొక్కటి కొరికాడు. వెనక్కి వచ్చి నెమ్మదిగా అన్నాడు: "తీపి ఎండకు ఉరికొచ్చింది. గింజ ఎనకబడ్డది. ఇండ్లకు పోండ్రి."

ఎనిమిది రోజులు. పండు వడలిపోవచ్చు, రాళ్లవాన పడొచ్చు. నిపుణుడు కోపంతో ఫోన్ ఎత్తడం మానేశాడు. తోట పోతే అది నా నోటి వల్లే పోతుందని నాకు అన్నం సయించలేదు. స్వామికి కొబ్బరికాయ మొక్కుకున్నాను. రోజూ పొద్దున ఆయనా నేనూ సాళ్ల వెంట గింజలు కొరుకుతూ నడిచేవాళ్లం. ఒక్కనాడూ నన్ను తప్పు పట్టలేదు. తొమ్మిదో రోజు నా పళ్ల కింద గింజ కటుక్కుమంది. వేయించిన పల్లీ రంగు. మధ్యాహ్నానికల్లా పండంతా కొట్టం కిందికి చేర్చాం. సాయంత్రం గాలివాన వచ్చింది.

మరుసటి ఏడు ఆ హోటల్ వాళ్లే మళ్లీ వచ్చారు. వాళ్లలో పెద్దావిడ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. బాపు తన ప్రశ్న అడగనే లేదు.

"నేరేడు పండు" అందామె. "మా అమ్మమ్మ ఊళ్లో, చెట్టు కింద రాలినవి."

నేను అక్కడే గ్లాసులు తుడుస్తున్నాను. బాపు కళ్లు తడిసి మెరవడం చూశాను. పచ్చిదనం ఎలా పోగొట్టారని ఆమె అడిగితే, ఆయన నన్ను ముందుకు పిలిచాడు. "గీమె గింజను పంటితోని కొరికి చెప్పింది. నాది ఇనుడే." ఆమె నాకూ ఒక గ్లాసు అందించింది. నేను చేతులు జోడించాను. బాపు చటుక్కున అందుకుని, "గీమె వంతు నేను తాగుత. ఒప్పందమున్నది" అని గుటుక్కున తాగేశాడు. అందరం నవ్వాం. అవ్వ కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. రాతి కడీలు ఇప్పటికీ తోటలోనే ఉన్నాయి. మిర్చి రైతులు ఇంటికొచ్చిన చుట్టాలకు ఆ తోట చూపిస్తారు, తామే పెట్టినంత గర్వంగా.

బాపు పదకొండో రోజు అయ్యాక, నిన్న తోటకు వెళ్లాను. తీపి కొలిచే అద్దం పండు తయారంటోంది. ఆయన బిడ్డ నాకు ఎదురొచ్చి, "అక్కా, నువ్వు చెప్పు" అంది. నేను చెప్పేలోపే తండా అక్క, ఆ రోజు నవ్విన అక్కే, ఒక పండు తెంపి నోట్లో వేసుకుంది. ఆమెను చూసి పక్కామె. తర్వాత సాలంతా. పొద్దుటి ఎండలో, తోట ఈ చివర నుంచి ఆ చివర దాకా, కటుక్, కటుక్‌మని వినబడింది.

బిడ్డ మొదటి గుత్తి కోసి, ఆకులో చుట్టి, నా చేతిలో పెట్టింది.