అడగని స్క్రూడ్రైవర్

నిన్న ఈ కాగితాల్లో సగంలో ఆపేశాను. బస్సు చోడవరం జంక్షన్‌లో ఆగిందనీ, దిగి ఫోన్ చూశాననీ రాశాను కదా. ఫోన్‌లో ఏముందో రాయలేదు. మా కజిన్ స్టేటస్ ఉంది. మా పెదనాన్న ఫొటో, దాని మీద ఆర్ ఐ పీ, పక్కన వరసగా ఏడుపు బొమ్మలు, వెనకాల ఏదో పాట. ఇంట్లోంచి ఎవరూ నాకు ఫోన్ చెయ్యలేదు. పెదనాన్న చనిపోయాడని నాకు చెప్పింది ఆ పాటే. అక్కడే రోడ్డు పక్కన వాంతి అయింది. చెరుకు రసం బండి ఆయన గ్లాసుతో నీళ్ళిచ్చి, "ఏటమ్మా, బస్సు పడలేదేటి?" అన్నాడు. అవునన్నాను.

రేపు పెద్దకర్మ. పొద్దున్న నాన్న నన్ను పిలిచి, "నువ్వు ఇంగ్లీష్ మీడియం కదే, ఫ్లెక్సీ మీదకి నాలుగు మంచి ముక్కలు రాసియ్యి," అన్నాడు. ఫోన్‌లో వెతికి కాపీ కొట్టి ఇచ్చేశాను. నిరాడంబరుడు, స్నేహశీలి, అజాతశత్రువు. ఎవరు పోయినా సరిపోయే మాటలు. ఫ్లెక్సీ వచ్చింది. పెదనాన్న ట్రాక్టర్ మీద కూర్చున్న ఫొటో ఇస్తే షాపువాడు ట్రాక్టర్ని కోసేసి వెనక గులాబీరంగు తామరపువ్వులు పెట్టాడు. ఇప్పుడాయన గాల్లో కూర్చుని, లేని స్టీరింగ్‌ని పట్టుకుని నవ్వుతున్నాడు. అందరూ బాగుంది అన్నారు. నేను దానివైపు చూడకుండా మేడ మీదకి వచ్చేశాను.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలీదు. ఇందులో రాసేవి మా పెదనాన్న ఒక్కడికే సరిపోతాయి. చదవండి. మా నాన్నకి మాత్రం చూపించకండి.

మాది ఉమ్మడి ఇల్లు. కింద పెదనాన్న, పెద్దమ్మ. మేడ మీద నాన్న, నేను. అమ్మ లేదు, ఆ సంగతి వేరే. పెదనాన్నకి పిల్లల్లేరు. కాబట్టి నన్ను తిట్టే హక్కు, నాకు తినిపించే హక్కు రెండూ ఆయనే తీసేసుకున్నాడు. మా ఇంట్లో ఎవరూ తలుపు కొట్టరు. తోసుకుని వచ్చేస్తారు. నాన్న అయితే భుజంతో తోస్తాడు. పెదనాన్న ఒక్కడే ఆగేవాడు. గోటితో తలుపు మీద టిక్ టిక్ అనిపించి, "గుంటా, రావొచ్చేటి?" అని అడిగేవాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. వద్దంటే వెళ్ళిపోయేవాడు కూడా. "ఏటన్నయ్యా, దానికి మర్యాదలేటి?" అని నాన్న నవ్వితే, "అడిగితే నోరేటి అరిగిపోద్దేటి?" అనేవాడు. ఆ మాట రోజూ ఎక్కడో ఒకచోట అనేవాడు.

మాడుగుల వైపు లోడు వేసుకెళ్తే హల్వా తెచ్చేవాడు. తెచ్చి ఎక్కడ పెట్టేవాడంటే, ట్రాక్టర్ టూల్‌బాక్స్‌లో. స్పానర్లు, నల్లగుడ్డలు, గ్రీజు డబ్బా, వాటి మధ్య కాగితంలో హల్వా. నెయ్యి వాసన, డీజిల్ వాసన కలిసి ఒక దరిద్రపు వాసన వచ్చేది. నేను ముక్కు మూసుకునేదాన్ని. "డీజిల్ వాసన రాకపోతే నేను తెచ్చేనో, షాపోడు తెచ్చేడో ఎలా తెలుస్తాదే? తిను," అనేవాడు. ముక్కు మూసుకునే తినేదాన్ని. మొన్న పరామర్శకి వచ్చినవాళ్ళెవరో పిల్లలకని ఒక హల్వా డబ్బా పెట్టి వెళ్ళారు. మంచి వాసనే వస్తోంది. ముట్టుకోలేకపోయాను.

టెన్త్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం అరుగు మీద కూర్చుని ఎలక్ట్రోమాగ్నటిక్ రిలే అని బట్టీ పడుతున్నాను. పెదనాన్న ట్రాక్టర్ తుడుస్తూ వింటున్నాడు.

"ఏటే, మంత్రాలు సదువుతన్నావా?"

"ఫిజిక్స్ పెదనాన్నా. రిలే."

"రిలేయా? అది మన బండికుంది కదే. రా, సూపిస్తాను."

బానెట్ పక్కన నల్లగా, అగ్గిపెట్టెంత డబ్బా. దాని మీద నా వేలు పెట్టమన్నాడు. తను సీట్లో కూర్చుని, క్లచ్ తొక్కి, తాళం తిప్పాడు. వేలి కింద టిక్కుమని ఏదో కదిలింది, బల్లిపిల్లని ముట్టుకున్నట్టు. వెంటనే స్టార్టర్ మోటార్ గరగరమంది, ఇంజిన్ అందుకుంది. నేను చెయ్యి లాగేసి పావడాకి తుడుచుకున్నాను. ఆయన పడీపడీ నవ్వాడు.

అప్పుడు పుస్తకంలో ఉన్నది తెలుగులో చెప్పాను. తాళం దగ్గర కరెంటు చాలా తక్కువ. స్టార్టర్ మోటార్‌కి చాలా ఎక్కువ కావాలి. చిన్న కరెంటు వచ్చి రిలేని లాగుతుంది, రిలే పెద్ద కరెంటుకి దారి ఇస్తుంది. మధ్యలో క్లచ్ దగ్గర ఒక స్విచ్ ఉంది. క్లచ్ తొక్కకపోతే రిలే దాకా కరెంటు రాదు, మోటార్ తిరగదు. గేర్‌లో ఉన్న బండి స్టార్ట్ అవుతూనే ముందుకి దూకకుండా ఆ ఏర్పాటు.

పెదనాన్న సీట్లోంచి దిగి ఆ డబ్బాని వేలితో తట్టాడు. "అయితే తాళం మన ఇంట్లో సిన్నపిల్ల లాంటిదన్నమాట. మోటార్ని లేపే బలం దానికి నేదు. ఎల్లి రిలే సెవిలో సెప్తాది. రిలే ఊరికే లేపీదు. క్లచ్ తొక్కేరా అని అడుగుతాది. తొక్కేమంటే అప్పుడు లేపుతాది. అంతేనా?"

అంతే. ఆ వారమంతా టీకొట్టు దగ్గర అందరికీ ఇదే చెప్పాడు. మా గుంట సెప్పింది అని కూడా చెప్పేవాడట. నాకు సిగ్గేసింది, సంతోషంగా కూడా అనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేను ఏదీ ఎవరికీ చెప్పను.

ఈసారి చెరుకు సీజన్‌లో ఆ క్లచ్ స్విచ్ చెడింది. తొక్కినా ఒక్కోసారి తొక్కలేదనుకునేది. ఫ్యాక్టరీ గేటు దగ్గర బళ్ళ వరసలో నాన్న తాళం తిప్పితే ట్రాక్టర్ పలకలేదట. వెనకవాళ్ళు హారన్లు కొట్టి, "ఏటి బాబూ, బండికి ముహూర్తం కుదర్లేదేటి?" అని ఎగతాళి చేశారట. నాన్న ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా బానెట్ ఎత్తి రిలే పీకేశాడు. వైర్లు కట్ చేశాడు. స్టార్టర్ మీద రెండు బోల్టులున్నాయి. వాటి మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెడితే చాలు, రిలే చెయ్యాల్సిన పని అదే చేసేస్తుంది. చిటచిటమని నిప్పురవ్వలు లేచి మోటార్ తిరిగింది.

"మెకానిక్కుని పిలుద్దుంరా," అన్నాడు పెదనాన్న.

"సెరుకు కటింగ్ అయ్యేక సూద్దుంలే అన్నయ్యా. ఊళ్ళో సగం బళ్ళు ఇలాగే లెగుస్తన్నాయి."

అదీ నిజమే. మా వైపు అదొక గొప్ప. తాళం పోయినా, స్విచ్ పోయినా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీస్తారు, అదేదో విద్య అయినట్టు. కానీ అలా స్టార్ట్ చెయ్యాలంటే సీట్లో కూర్చుంటే అందదు. కింద నిలబడాలి, పెద్ద చక్రానికి సరిగ్గా ముందు.

నేను మెట్ల మీంచి అడిగాను. "మరి క్లచ్ తొక్కేవా అని ఎవరు అడుగుతారు పెదనాన్నా?"

"నేను లేనేటే? నన్ను నేనే అడుక్కుంటాను."

అన్నట్టే కొన్నాళ్ళు అడుక్కున్నాడు. పొద్దున్నే చక్రం ముందు నిలబడి పెద్దగా, "గేరు?" అనేవాడు. తనే గొంతు మార్చి, "న్యూట్రల్లో ఉందండీ," అనేవాడు. "సూసేవా?" "సూసేనండీ." అప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టేవాడు. నేను మేడ మీంచి నవ్వేదాన్ని. తర్వాత ఎప్పుడో అడగడం మానేశాడు. ఎప్పటినుంచి మానేశాడో నేను కూడా గమనించలేదు.

ఇది రాస్తుంటే ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. ఆయన మీదే. తెలీని మనిషి కాదు. రిలే సంగతి ఊరందరికీ కథ చెప్పినట్టు చెప్పాడు. నన్ను లోపలికి రావొచ్చా అని అడిగే మనిషి, అంత చక్రాన్ని ఒక్క మాట అడగలేకపోయాడు.

మా వాకిలి వాలుగా ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ సరిగ్గా ఆగదు. అందుకని రాత్రికి బండి గేర్‌లో పెట్టి వదిలేయడం మా ఇంట్లో అలవాటు. ముందురోజు అలా పెట్టింది నాన్న. మర్నాడు పొద్దున్న పెదనాన్న స్క్రూడ్రైవర్ పెట్టేటప్పటికి పెద్దమ్మ వంటింట్లోంచి, "టీ సల్లారిపోతంది," అని కేకేసింది. "వస్తన్నానే," అన్నాడు. ఇంజిన్ లేచింది, గేర్‌లో ఉన్న బండి ఆయన మీదకే కదిలింది. అంతే. నేను అప్పటికే కాలేజీకి బస్సెక్కేశాను.

పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతోంది. "నేనే పిల్సేనమ్మా. ఇటు తిరిగేడు. నా నోరే మింగేసింది ఆ మనిషిని." నాన్న ఆ పక్కనే కుర్చీలో కూర్చుని వింటున్నాడు. నేల వైపు చూస్తున్నాడు. ఒక్కసారి కూడా, నీ వల్ల కాదు వదినా అనలేదు. నాకు అన్నిటికంటే అసహ్యం అది. నాన్న గోళ్ళలో ఇంకా గ్రీజు ఉంది. నిన్న అన్నం వడ్డిస్తుంటే ఆ వేళ్ళు చూసి నేను లేచి వచ్చేశాను.

రావికమతం నుంచి అత్త వచ్చింది, నాన్నకి, పెదనాన్నకి చెల్లెలు. రాగానే బండి చుట్టూ తిరిగి, "దీనికి ఎవులో ఏటో సేసేరు," అంది. ఎవరో మంత్రగాడిని పిలిపించింది. చక్రం పసుపునీళ్ళతో కడిగారు. గుమ్మడికాయ కోసి కుంకం నింపి, తిప్పి పగలగొట్టారు. స్టీరింగ్‌కి మిరపకాయలు కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, బండి తీసేటప్పుడు తొక్కాలట. ఎర్రటి గుమ్మడి ముక్కలు వాకిట్లో అలాగే కుళ్ళుతున్నాయి. కోళ్ళు వచ్చి పొడుస్తున్నాయి, ముక్కులు ఎర్రగా. ఈగలు. ఎవరూ ఊడవరు, ఊడవకూడదట.

దిష్టి తీశారు. రిలే పెట్టలేదు.

రిలే నా దగ్గరుంది. నాన్న పీకి మూల పడేసిన రోజే తీసుకుని పెన్సిల్ బాక్స్‌లో పెట్టుకున్నాను. ఎందుకో తెలీదు, ఆ టిక్కుమన్న శబ్దం నాది అనిపించింది. ఇవాళ స్క్రూడ్రైవర్ కూడా తెచ్చేసుకున్నాను. ఎవరో దాన్ని కడిగి, తుడిచి, బుద్ధిగా టూల్‌బాక్స్‌లో పెట్టారు. పిడి పచ్చగా ఉంది. కొస మాత్రం నిప్పురవ్వలకి కాలి ఎలక కొరికినట్టుంది. ఇప్పుడు నా ఒళ్ళో ఉంది. దాన్ని వదలడం లేదు.

ఎందుకంటే కింద టెంటువాళ్ళు వచ్చేశారు. రేపటి భోజనాలకి షామియానా వెయ్యాలంటే బండి వాకిట్లోంచి తియ్యాలి. పెదనాన్న పోయాక దాన్ని మళ్ళీ స్టార్ట్ చెయ్యడం ఇదే మొదటిసారి. చేసేది నాన్న. నిలబడేది అక్కడే. గేర్ ఎవరైనా చూశారా? నాకు తెలీదు. స్క్రూడ్రైవర్ దాచేస్తే ఆగిపోతుందని కూడా కాదు. స్పానరైనా సరిపోతుంది, కొడవలైనా సరిపోతుంది. ఇనుము ఏదైనా చాలు.

పరుగెత్తుకెళ్ళి చెప్పొచ్చు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. అంతమంది చుట్టాల ముందు, రిలే పీకిందెవరు, గేర్‌లో పెట్టిందెవరు అని బయటికొస్తుంది. తమ్ముడే అన్నని చంపేడు అంటారు. చోడవరం అంతా అంటుంది. చెప్పకపోతే పెద్దమ్మ బతికినన్నాళ్ళూ తన నోటినే తిట్టుకుంటుంది. ఇప్పుడు ఈ నిమిషంలో నాన్న...

టూల్‌బాక్స్ తెరిచిన చప్పుడు. స్పానర్లు కెలుకుతున్నాడు.

"స్క్రూడ్రైవర్ ఏదీ? ఇందులోనే ఉండాలి కదా," నాన్న గొంతు.

"ఏదోటి పెట్టి లాగించీ బాబూ, మాకు ఇంకో టెంటుంది," టెంటు మనిషి.

ఇనుము నేల మీద పడింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళలేకపోతున్నాను. చెవులు మూసుకుంటే రాయలేను. వింటున్నాను. చిటచిట వినిపిస్తుందని ఎదురుచూస్తున్నాను.

వినిపించలేదు.

మెట్ల మీద అడుగులు. నాన్నవే. ఎప్పుడూ రెండేసి మెట్లు ఎక్కుతాడు, ఇప్పుడు ఒక్కొక్కటి ఎక్కుతున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. గడియ కూడా వెయ్యలేదు నేను. భుజంతో ఒక్క తోపు తోస్తే వచ్చేస్తుంది. తొయ్యడం లేదు.

కొడుతున్నాడు. గోటితో కాదు, వేలి కణుపుతో. ఎలా కొట్టాలో తెలీనివాడిలా.

"గుంటా. రావొచ్చేటి?"

ఈ కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను. రిలే, స్క్రూడ్రైవర్ మాత్రం మంచం మీదే, పక్కపక్కన, కనిపించేలా ఉంచుతున్నాను. మళ్ళీ కొట్టాడు, మెల్లగా.